ఎడమ పక్క సిలిండరు

నీళ్ళతో రాయి కోస్తామంటే మా బంధువుల్లో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. పెళ్ళి పంక్తిలో పక్కన కూర్చున్నవాళ్ళు ఎవరో ఒకరు "ఏం పని చేస్తావప్పా?" అని అడుగుతారు. చెప్తాను. "నీళ్ళతోనా?" అని మరోసారి అడిగి, ఆకు పక్కనున్న గ్లాసు వంక చూసి నవ్వుతారు. మొదట్లో ఓపిగ్గా వివరించేవాణ్ణి. నీళ్ళను వెంట్రుకంత బెజ్జంలోంచి విపరీతమైన ఒత్తిడితో తోసి, అందులో ఇసుకలాంటి పొడి కలిపితే గ్రానైటు కూడా మైసూరుపాకులా తెగుతుందని చేతులు తిప్పుతూ చెప్పేవాణ్ణి. ఆ లోపల వాళ్ళకు సాంబారు వచ్చేది. ఇప్పుడు "ఏదో పంపుల పనిలే" అనేసి ఊరుకుంటున్నాను.

పంపుల పనే. చిత్తూరు నుంచి తిరుపతి వెళ్ళే దారిలో ఉన్న ఒక గ్రానైటు షెడ్డులో కోత మిషనుకు నీళ్ళు తోసే పంపును బతికించి ఉంచడం నా ఉద్యోగం. దాని నడుమ నూనెతో కదిలే పెద్ద పిస్టన్ ఒకటి, దానికి కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి మందపాటి ఉక్కు సిలిండర్లు. పిస్టన్ అటు పోతే ఒక సిలిండరులో నీళ్ళు నలుగుతాయి, ఇటు వస్తే రెండోదాంట్లో. నిమిషానికి ఎన్నోసార్లు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే పని. అంత నలుగుడు తట్టుకోవాలి కాబట్టి సిలిండరు గోడ చాలా మందంగా ఉంటుంది, లోపలి దారి మాత్రం బొటనవేలు పట్టేంతే. చూస్తే రోకలిబండలా మొద్దుగా కనిపిస్తుంది గాని, దానంత సుకుమారమైన వస్తువును నేను చూడలేదు.

ఈ సిలిండర్లకున్న మడి మా ఓనరు ఇంట్లో కూడా లేదు. లోపల నీళ్ళు కారకుండా ఆపే సీలు మార్చేటప్పుడు ఒక దారప్పోగు అడ్డం పడినా చాలు, నీళ్ళు దాని పక్కనుంచి దారి చేసుకుంటాయి. ఒకసారి దారి దొరికితే ఉక్కును కూడా తొలిచేస్తాయి. ఈ సంగతి షెడ్డులో అందరికీ చెప్పాను. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. అయినా నేను చూస్తూ ఉండగానే ఎవడో పాత బనీను ముక్కతో సిలిండరు లోపల తుడుస్తాడు. ఇంకొకడు సిలిండరులో ఆడే, నున్నగా మెరిసే ప్లంజరు కడ్డీని మునక్కాయ పెట్టినట్టు నేల మీద పెడతాడు. సిలిండరు మూత మరలకు పూయాల్సిన పేస్టు అయిపోయిందని బండి చక్రాలకు వేసే గ్రీజు పూసిన మహానుభావుడు కూడా ఉన్నాడు. ఆ మూత విప్పడానికి ఇద్దరం ఒక పూటంతా స్పానరు పట్టుకుని వేలాడాం.

ఇక నీళ్ళ గురించి చెప్పనే అక్కర్లేదు. మా బోరు నీళ్ళలో కందిపప్పు ఉడకదు. ఆ ఉప్పంతా వడకట్టకుండా పంపిస్తే సీళ్ళు ఇసుక కాగితంతో రుద్దినట్టు అరిగిపోతాయి. ఫిల్టర్లు మార్చాలని అడిగితే ఓనరు "ఇంకో వారం పోనీప్పా" అంటాడు. వారం పోయాక అదే మాట మళ్ళీ అంటాడు. షెడ్డు మొత్తం మీద జాగ్రత్త తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అని, మిగతావాళ్ళంతా నన్ను ఏడిపించడానికే పుట్టారని అప్పట్లో నాకు గట్టి నమ్మకం.

ఒక్క మనిషిని మాత్రం ఆ లెక్కలో వేసేవాణ్ణి కాదు, కోత మిషను నడిపే మా ఆపరేటరును. ఆయనది పుత్తూరు పక్క పల్లె. నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్ద, అన్నా అనే పిలుస్తాను. షెడ్డుకు వచ్చినప్పుడు యార్డులో పలకలు ఎత్తే పనిలో చేరాడు. భుజం మీద కాయ కాసేదాకా అదే పని చేశాడు. మధ్యాహ్నం అందరూ నిద్రపోతుంటే మిషను దగ్గరికి వచ్చి నిలబడి చూసేవాడు. అలా చూసి చూసి, అడిగి అడిగి, ఏళ్ళు గడిచాక మిషను ముందు కుర్చీ సంపాదించుకున్నాడు. ఆ కుర్చీ మీద ఒక తుండుగుడ్డ మడిచి వేసుకుని, అది ఎవరైనా కదిలిస్తే ఊరుకునేవాడు కాదు. కంప్యూటరు తెర వైపు తక్కువ చూస్తాడు, పంపు చప్పుడు ఎక్కువ వింటాడు. ఏదైనా తేడా అనిపిస్తే నా దగ్గరికి వచ్చి, "రాప్పా, ఒగ తూరి విను," అని చేయి పట్టుకుని తీసుకుపోతాడు.

నాకు వినడం కంటే చూడటం మీద గురి ఎక్కువ. చూడటానికి పంపులోనే ఏర్పాటు ఉంది. ఒక్కో సిలిండరు కొసకు గుండ్రటి ఉక్కు మూత ఉంటుంది. ఆ మూతకు చీపురుపుల్ల పట్టేంత బెజ్జం ఉంటుంది. లీకు బెజ్జం అంటాం. లోపల సీలు పాడయితే నీళ్ళు ఆ బెజ్జంలోంచి చుక్క చుక్కగా బయటికి వచ్చి చెప్తాయి. కారితే విప్పాలి, కారకపోతే అంతా బాగున్నట్టు. పొద్దున షెడ్డుకు రాగానే, టీ కూడా తాగకముందు, రెండు మూతల కింద వేలు పెట్టి తడి ఉందా అని తడిమి చూసేవాణ్ణి. పొడిగా ఉంటే ఆ రోజుకు నిశ్చింత.

మా ఓనరుది వైష్ణవ కుటుంబం. ఆయన నాయన బడిపంతులుగా చేసి రిటైరయిన పెద్దమనిషి. ఆయుధపూజకు మిగతా షెడ్లలో మిషన్లకు పసుపు, కుంకుమ పెడితే మా షెడ్డులో నామాలు పెడతారు. పెద్దాయన డబ్బాలో తిరుమణి అనే తెల్లమట్టి గడ్డ, ఎర్రటి శ్రీచూర్ణం తెచ్చి, నీళ్ళతో అరగదీసి, క్రేను మొదలుకుని టీ కెటిలు దాకా అన్నిటికీ స్వయంగా పెట్టేవారు. ఒక ఏడు దసరాకు చేయి వణుకుతోందని ఆ పని నాకు అప్పగించారు. పొంగిపోయాను. గీత తిన్నగా లాగడంలో నాకు మంచి పేరు ఉంది.

పంపు తలుపులు తెరిస్తే సిలిండర్ల మూతలు రెండూ నున్నగా నుదుళ్ళలా కనిపించాయి. మధ్యలో నీళ్ళ గొట్టం ఉంటుంది. దానికి ఆ పక్క, ఈ పక్క తెల్లగీతలు దించి, కింద రెండూ కలిసేచోట తిరుమణి మందంగా అద్దాను. కుడిపక్క నామం కాస్త పొట్టిగా పైనే ఆగిపోయింది. ఎడమపక్కది మాత్రం కొలిచి గీసినట్టు కిందిదాకా వచ్చింది. పెద్దాయన చూసి, "బాగా కుదిరిందప్పా," అన్నారు. సెల్‌లో ఫోటో తీసుకుని మా ఇంట్లో కూడా చూపించాను.

పంపు వేడికి తిరుమణి ఆరి గట్టిగా పట్టుకుంది. పెట్టిన నామాన్ని నూనె గుడ్డతో తుడవడం మా షెడ్డులో ఎవరూ చేయరు. మళ్ళీ ఆయుధపూజకు ముందు నీళ్ళు పోసి కడగడమే. వారం వారం పంపు శుభ్రం చేసేటప్పుడు అందరూ నామం చుట్టూ తుడిచేవాళ్ళు. నేను కూడా అంతే. సీళ్ళు మార్చడానికి మూత విప్పినా నామం చెదరకుండా అంచులు పట్టుకుని విప్పేవాణ్ణి. తిరిగి బిగించేటప్పుడు నామం నిలువుగా వచ్చి ఆగితే బిగువు సరిపోయినట్టు గుర్తు పెట్టుకున్నాను. దేవుడి పని, మిషను పని ఒకేసారి అవుతున్నాయని సంబరపడ్డాను.

దసరా పోయి మూడు నాలుగు నెలలయ్యాక పలమనేరు కళ్యాణమండపం పని వచ్చింది. వాకిట్లో పరిచే పెద్ద తామరపువ్వు. నల్ల గ్రానైటులో ఎర్ర రేకులు, తెల్ల రేకులు పొదగాలి. ముహూర్తాలు దగ్గర పడుతున్నాయని వాళ్ళు ఓనరును తొందర పెట్టేవాళ్ళు, ఓనరు మమ్మల్ని తొందర పెట్టేవాడు.

ఆ పని మొదలైన రెండో రోజు అన్న నా దగ్గరికి వచ్చాడు.

"రాప్పా, ఒగ తూరి విను. ఎడమ పక్క రవ్వంత తొందరగా కొడతా ఉండాది."

వెళ్ళాను. విన్నాననుకున్నాను. మూత కింద వేలు పెట్టి తడిమాను. పొడిగా ఉంది.

"బెజ్జం కారడంలేదన్నా. సీలు బాగుండాది. ఆడ నాజిలు అరిగింటాది, మార్చుకో."

ఆయన రాయి మీదికి నీళ్ళు చిమ్మే ఆ నాజిలు మార్చాడు. రెండు రోజులాగి మళ్ళీ వచ్చాడు. "నాజిలు కాదప్పా. కుడి పక్క ఒగ మాదిరి కొడతాది, ఎడమ పక్క ఇంగో మాదిరి కొడతాది. కుంటోడు నడిసినట్ల ఉండాది." మళ్ళీ తడిమాను, మళ్ళీ పొడి. పంపు కింది తొట్టిలో కొంచెం నీళ్ళు కనిపించాయి గాని, ఆ తొట్టి ఎప్పుడూ తడిగానే ఉంటుంది. విప్పి చూడాలంటే సగం రోజు మిషను ఆపాలి. ఓనరు ఒప్పుకోడు. ఓనరును ఒప్పించే ఓపిక నాకు లేదు. నిజం చెప్పాలంటే అది కూడా అసలు కారణం కాదు. పంపు గురించి ఇంకొకరు నాకు చెప్పడం నాకు నచ్చలేదు, అంతే.

మూడోసారి వచ్చినప్పుడు నలుగురిలో ముఖం మీదే అనేశాను. "అన్నా, నువ్వు కోత సూసుకో. పంపు నేను సూసుకుంటా."

ఆయన "సరే," అని వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఎర్ర రేకు సగం తెగి ఉండగా పంపులోంచి పెద్ద చప్పుడు వచ్చింది. తలుపు సందుల్లోంచి ఆవిరిలా నీళ్ళు చిమ్మాయి. ఒత్తిడి పడిపోయి మిషను దానంతట అదే ఆగింది. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు. విప్పి చూస్తే ఎడమ సిలిండరు నోటి దగ్గర నీళ్ళు తొలిచిన గాడి ఒకటి, గాడి కొస నుంచి నిలువునా పగులు. గోరుతో గీసి చూశాను. గోరు పట్టుకుంది. ఇక దాని పని అయిపోయినట్టే.

ఓనరు పరుగెత్తుకుంటూ వచ్చాడు. "వెల్డింగు పెట్టిస్తే సరిపోదా?" అన్నాడు.

ఒళ్ళు మండింది. "ఇదేమన్నా ఇరిగిన ఎముకా సార్, పుత్తూరు కట్టు మాదిరి దబ్బలేసి కట్టి పంపిచ్చేదానికి? అంత ఒత్తిడికి వెల్డింగు నిలుస్తాదా? కొత్తది రావాల్సిందే."

"మరి ఎట్ల పగిలింది?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఇప్పుడు తలుచుకుంటే ఎంత సిద్ధంగా ఉందా అని సిగ్గేస్తుంది. "నేను దినామూ సూస్తానే ఉండా సార్. బెజ్జాలు పొడిగా ఉండాయి. సీళ్ళ తప్పు కాదు. ఒత్తిడి జాస్తి పెట్టి నడిపింటారు. నడిపేవాళ్ళను అడగండి."

అన్న మా వెనకే నిలబడి ఉన్నాడు. ఓనరు తిరిగి ఆయన వైపు చూశాడు. అన్న ఒత్తిడి పెంచిన మాట నిజమే, కోత మందగిస్తే కొంచెం పెంచాడు. లీకయిన ఒత్తిడిని ఇంకెలా పూడ్చుకుంటాడు? ఆ సంగతి నాకప్పుడు తెలియదు. ఆయన నేను చెప్పింది తప్పని అనలేదు, తాను మూడుసార్లు వచ్చి చెప్పానని అనలేదు. మర్నాటి నుంచి ఆయన్ని యార్డుకు పంపించారు. మళ్ళీ పలకలు ఎత్తే పని, అది కూడా ఈ వయసులో.

కొత్త సిలిండరు రావడానికి వారాలు పట్టింది. తామరపువ్వు పని బెంగళూరు వాళ్ళకు వెళ్ళిపోయింది. ఖాళీగా కూర్చుని నేను అందరినీ తిట్టుకున్నాను. బోరు నీళ్ళను, ఫిల్టర్లు మార్చని ఓనరును, బనీను ముక్కలవాళ్ళను. అన్నను కూడా తిట్టుకున్నాను, కాస్త తక్కువగా. కిటికీలోంచి చూస్తే యార్డులో తలకు తుండుగుడ్డ చుట్టుకుని పలకలు కడుగుతూ కనిపించేవాడు. చూడకుండా ఉండటానికి కుర్చీ ఇటు తిప్పుకున్నాను.

సిలిండరు వచ్చింది. దానికి పాత మూతే బిగించాలి. పోయిన వస్తువు మీది నామం కొత్తదానికి పనికిరాదు, మంచినీళ్ళతో కడిగి తీసెయ్యమని పెద్దాయన చెప్పి పంపారు. తొట్టిలో నానబెట్టి బ్రష్షుతో మెల్లగా రుద్దాను. గీతలు పోయాయి. కింద మందంగా అద్దిన చోట మాత్రం పోలేదు. అరిచేతిలో పట్టుకుని వెనకవైపు నుంచి గాలి గొట్టం పెట్టి ఊదాను. టప్పుమని ఏదో ఎగిరి నా చొక్కాకు తగిలి కింద పడింది. వంగి తీశాను. బియ్యపుగింజంత తెల్లటి తిరుమణి పుల్ల. అది పోయిన చోట లీకు బెజ్జం కనిపించింది.

ఎడమ బెజ్జం పొడిగా ఉండక ఏం చేస్తుంది? దసరా నాడే దాని నోట్లో నేను మన్ను కొట్టాను. లోపల కారిన నీళ్ళకు బయటికి దారి లేక మూత మరల సందుల్లోంచి తొట్టిలోకి దిగాయి. దిగుతూ దిగుతూ సిలిండరు నోటిని తొలిచాయి. బెజ్జం ఎక్కడుందో షెడ్డులో అందరికన్నా బాగా తెలిసినవాణ్ణి నేను. అయినా గీత అందంగా రావాలని దాని మీదుగానే లాగాను.

ఆ పుల్లను కాలవలో పారేస్తే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చింది. రాలేదని అబద్ధం చెప్పను. చివరికి దాన్ని కాగితంలో చుట్టుకుని లేచాను.

ఓనరు గదిలో పెద్దాయన కూడా ఉన్నారు. పుల్లను బల్ల మీద పెట్టాను. "సార్, ఎడమ పక్క బెజ్జం మూసుకోని ఉండింది. నామం అడ్డం పడింది."

ఓనరు ముఖం మాడ్చుకున్నాడు. "అంటే దేవుని నామం వల్ల సిలిండరు పగిలిందంటావా? ఇన్నేండ్లు పెడతా ఉండాము, ఎప్పుడన్నా పగిలిందా?"

"నేననేది అది కాదు సార్..."

"ఇంగేంది? తప్పు చేసినోడు ఒకడైతే నామం మీదికి తోస్తావా?"

నాకు కోపం వచ్చింది. ఈ మనిషికి ఎలా అర్థమవుతుందిరా అనుకున్నాను. పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని ఆ పుల్లను వేలితో తీసి చూశారు.

"ఆ నామం పెట్టింది ఎవరప్పా?"

"నేనే స్వామీ."

"ఆడ బెజ్జం ఉండేది నీకు తెలుసునా?"

"తెలుసు."

"నొసట పెట్టాల్సింది ముక్కులో పెడితే మనిషికి ఊపిరెట్ల ఆడతాది?" అని మెల్లగా అన్నారు.

అప్పుడు వచ్చింది నా నోట్లోంచి అసలు మాట. గదిలోకి వచ్చినప్పటి నుంచి తప్పు నామానిది అన్నట్టే మాట్లాడుతున్నాను, నాది అనడంలేదు. "తప్పు నాది సార్. అన్న మూడు తూర్లు చెప్పినాడు, ఎడమ పక్క తేడాగా ఉండాదని. నేను విప్పి సూళ్ళేదు. మీ తావ ఆయన మీద చెప్పింది కూడా తప్పే."

ఓనరు ఆ పుల్లను బల్ల మీద పక్కకు నెట్టాడు. "ఆయప్పను రేపట్నుంచి మిషను తావికి రమ్మని నువ్వే పోయి చెప్పు," అన్నాడు.

యార్డుకు వెళ్ళాను. అన్న పైపుతో పలక మీద బురద కడుగుతున్నాడు. మొత్తం చెప్పాను. నామం సంగతి, పుల్ల సంగతి వివరంగా చెప్పాను. అవసరమైనదానికన్నా వివరంగానే చెప్పాను, బెజ్జం మూసుకుపోతే ఎంతటివాడైనా మోసపోతాడని ఆయనకు అర్థం కావాలని. ఆయన పైపు ఆపకుండా విన్నాడు.

"బెజ్జం మూసుకోనింది సరేప్పా," అన్నాడు చివరికి. "చెవులకేమైంది నీకు?"

రేపట్నుంచి మిషను దగ్గరికి రమ్మన్న ఓనరు మాట చెప్పి వెనక్కి తిరిగాను.

మర్నాడు ఆయన మిషను దగ్గరికి వచ్చాడు. కుర్చీలో తుండుగుడ్డ మడిచి వేసుకుని కూర్చున్నాడు. కొత్త సిలిండరు బిగించి పంపు వేస్తే కాసేపు విని తల ఊపాడు. ఊపింది పంపుకు, నాకు కాదు. అప్పటి నుంచి నాతో పలకరింపుగానే ఉంటాడు. టీ తెప్పిస్తే తాగుతాడు, మా ఇంట్లో వాళ్ళ బాగోగులు అడుగుతాడు. కానీ "రాప్పా, ఒగ తూరి విను" అని చేయి పట్టుకుని పిలవడం మానేశాడు.

ఇప్పుడు పంపు చప్పుడులో తేడా వస్తే ఆయన కుర్చీలోంచే ఓనరుకు ఫోన్ చేస్తాడు. ఓనరు ఎక్కడో చిత్తూరు టౌనులో ఉంటాడు. రెండు నిమిషాలకు నా ఫోన్ మోగుతుంది. "ఏమప్పా, కుడి పక్క సీలు సూడమంటా ఉండాడు మీ అన్న" అంటాడు ఓనరు. ఆ 'మీ అన్న' నాకు పదడుగుల దూరంలో, వీపు ఇటు పెట్టి కూర్చుని ఉంటాడు. నేను లేచి వెళ్ళి విప్పి చూస్తాను. ఇంతవరకు ఆయన చెప్పింది ఒక్కసారి కూడా తప్పు కాలేదు.